ఒకే టికెట్‌తో బెర్లిన్ మ్యూజియం దీవి: ఒక్క రోజులో చూసే పద్ధతి

బెర్లిన్ నడిమధ్యలో స్ప్రే నది రెండు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తుంది. ఆ మధ్యలోని దీవి ఉత్తర భాగంలో ఐదు పెద్ద మ్యూజియంలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది 1830లో తెరిచారు, ఐదోది 1930లో. 1999లో యునెస్కో ఈ మొత్తాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నిటికీ కలిపి ఒకరోజు టికెట్ దొరుకుతుంది కాబట్టి, బెర్లిన్‌లో ఒక రోజు ఖాళీ దొరికిన వాళ్ళు ముందు ఇటే వస్తారు. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళు ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకొచ్చేదీ ఇక్కడికే.

ఈ టికెట్‌తో ఒక చిక్కుంది. డబ్బులు కట్టాం కదా, ఒక్క గది కూడా వదలకూడదు అనిపిస్తుంది. అలా మొదలుపెడితే మధ్యాహ్నం రెండింటికల్లా కాళ్ళు లాగేస్తాయి, నాలుగింటికి ఏ విగ్రహం చూసినా ఒకేలా ఉంటుంది. నన్నడిగితే ఈ పాస్ తీసుకునేది అన్నీ చూడ్డానికి కాదు, ఏ మ్యూజియంనైనా సగంలో నిర్మొహమాటంగా వదిలేయడానికి. విడి టికెట్ కొన్నవాడు 'పన్నెండు యూరోలు పెట్టాను' అని లోపలే తిరుగుతుంటాడు. పాస్ ఉన్నవాడు మూడు గదులు బాగా చూసి బయటికి వచ్చేయొచ్చు. కింద చెప్పేదంతా ఆ లెక్కతోనే.

ముందు ఏ పాస్ కొనాలో తేల్చుకోండి

దీవి ఒకరోజు టికెట్ దాదాపు 24 యూరోలు. విద్యార్థులకు సగం ధరే, కానీ గడువు తీరని స్టూడెంట్ కార్డు దగ్గర ఉండాలి, అడిగితే చూపించాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఉచితం. విడివిడిగా కొంటే ఒక్కో మ్యూజియానికి 10 నుంచి 14 యూరోల దాకా అవుతుంది కాబట్టి రెండు మూడు చూసేసరికే పాస్ డబ్బు వచ్చేసినట్టు. ఒక్కటే చూసే ఉద్దేశం ఉంటే పాస్ దండగ. ధరలు అప్పుడప్పుడు పెరుగుతుంటాయి, కొనేముందు అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. అక్కడే కొనండి కూడా. మధ్యలో టికెట్లు అమ్మే సైట్లు అదే టికెట్‌కి 'గైడెడ్', 'ప్రీమియం' అని పేరుపెట్టి పైన వడ్డిస్తాయి.

దీవితో పాటు నగరంలోని ముప్పైకి పైగా మ్యూజియంలలో చెల్లే మూడు రోజుల పాస్ కూడా ఉంది, దాదాపు 32 యూరోలు. సిటీ రవాణాతో కలిపి 72 గంటలు చెల్లే వెల్‌కమ్ కార్డులో మ్యూజియం దీవి రకం మరొకటి. ఒక్క రోజే ఉంటే ఈ రెండూ అక్కర్లేదు.

ఒక ముఖ్యమైన సంగతి: దీవి మొత్తానికీ పేరు తెచ్చిన పెర్గమాన్ మ్యూజియం 2023 అక్టోబరు నుంచి మరమ్మతుల కోసం పూర్తిగా మూతపడింది. పెర్గమాన్ అనే ప్రాచీన గ్రీకు నగరపు బలిపీఠం ఉన్న భాగాన్ని 2027లో తెరుస్తామంటున్నారు. బాబిలోన్ నుంచి తెచ్చిన నీలి ఇటుకల ఇష్తార్ ద్వారం ఉన్న దక్షిణ భాగానికి 2037 దాకా పట్టవచ్చు. పాత వీడియోలు చూసి ఆ నీలి ద్వారం కోసం బయల్దేరి, తీరా వచ్చాక గేటు ముందు నీరసపడే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీ రోజు లెక్క నాలుగు మ్యూజియంలు, ఒక పనోరమా (చుట్టూ గుండ్రంగా ఉండే పెద్ద చిత్రం).

ఏ రోజు వెళ్ళాలి

సోమవారం వద్దు. మంగళవారం కూడా వద్దు, ఆ రోజు సగమే తెరిచి ఉంటాయి. నోయెస్ మ్యూజియం, ఆల్టె నేషనల్ గ్యాలరీ మంగళవారం నుంచి ఆదివారం దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు. ఆల్టెస్, బోడె మ్యూజియంలు మాత్రం బుధవారం నుంచే తెరుస్తారు, పైగా బుధ, గురు, శుక్రవారాల్లో 5 గంటలకే మూసేస్తారు. శని, ఆదివారాల్లో అవి కూడా 6 వరకు ఉంటాయి. రోజంతా ఎటునుంచి ఎటు వెళ్ళాలో నిర్ణయించేది ఈ ఒక్క గంట తేడానే. ఐదింటికి మూసేవి ముందు, ఆరింటి దాకా ఉండేది చివర. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు ఒకసారి చూసుకోండి. సెలవు రోజులైతే మరీను.

వీలుంటే గురువారం గానీ శుక్రవారం గానీ పెట్టుకోండి. వారాంతంలో గంట ఎక్కువ దొరుకుతుంది నిజమే, కానీ జనం అంతకు రెట్టింపు.

ముందురోజు రాత్రి

పెద్ద పనులేం లేవు. ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకునేటప్పుడు నోయెస్ మ్యూజియానికి టైమ్ స్లాట్ అడిగితే ఉదయం 10 గంటలది పట్టుకోండి. అది దొరక్కపోతే 10:30. అంతకన్నా ఆలస్యమైతే క్రమం మార్చి, ముందు ఆల్టెస్ చూసి తర్వాత నోయెస్‌కి రండి.

బ్యాగ్ చిన్నదే పెట్టుకోండి. ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగులు గ్యాలరీల్లోకి రానివ్వరు, లాకర్‌లో పెట్టి రమ్మంటారు. వీపు మీద బ్యాగ్ చిన్నదైనా ముందుకి తగిలించుకోమంటారు. లాకర్లలో నాణేలు వేసేవి ఉంటాయి కాబట్టి ఒకటి, రెండు యూరోల నాణేలు నాలుగైదు జేబులో వేసుకోండి. నాలుగు మ్యూజియంలలో నాలుగుసార్లు బ్యాగ్ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి... ఇందులోనే అరగంట పోతుంది. చలికాలమైతే కోటు ఎలాగూ ఇవ్వాల్సిందే. బూట్లు బాగా అలవాటైనవి వేసుకోండి, కొత్తవి ప్రయత్నించే రోజు ఇది కాదు.

మధ్యాహ్నానికి పులిహోర డబ్బా కట్టుకుంటే బంగారం. దాని సంగతి కింద చెప్తాను.

చేరుకోవడం

యు5 మెట్రోలో 'మ్యూజియమ్స్‌ఇన్సెల్' స్టేషన్‌లో దిగండి. 2021లో తెరిచిన కొత్త స్టేషన్. ప్లాట్‌ఫారం మీద రైలు దిగగానే ఒక్కసారి తల పైకెత్తండి, నీలం రంగు పైకప్పు నిండా చుక్కల్లాంటి దీపాలు. షింకెల్ అనే వాస్తుశిల్పి రెండు వందల ఏళ్ళ క్రితం ఒక ఒపేరా కోసం గీసిన రంగస్థలం నుంచి తీసుకున్న ఆలోచన అది. ఆల్టెస్ మ్యూజియం కట్టింది కూడా ఆ షింకెలే. ఎస్-బాన్ లోకల్ రైల్లో వచ్చేవాళ్ళకి హాకెషర్ మార్క్ట్ దగ్గర. పేపర్ టికెట్ కొంటే ఎక్కేముందు మిషన్‌లో స్టాంప్ కొట్టించడం మర్చిపోకండి. ఇక్కడ గేట్లు ఉండవు, చెకింగ్ వాళ్ళు మామూలు బట్టల్లో ఎక్కుతారు, 'తెలియదండీ' అంటే వినరు.

మెట్రో నుంచి పైకి వచ్చాక తెల్లటి సన్నని స్తంభాల వరసతో కొత్త భవనం ఒకటి కనిపించేదాకా నది పాయ వెంట నడవండి. అది జేమ్స్ సైమన్ గ్యాలరీ, 2019లో తెరిచారు. టికెట్ కౌంటర్, లాకర్లు, టాయిలెట్లు అన్నీ అందులోనే. నోయెస్ మ్యూజియంలోకి దారి కూడా అక్కడి నుంచే. టాయిలెట్ పని ఇక్కడ కానిచ్చేయండి, ఊళ్ళో బయట ఎక్కువ చోట్ల డబ్బులు కట్టాలి.

పేర్ల దగ్గర తికమక పడకండి. ఆల్టెస్ మ్యూజియం వేరు, ఆల్టె నేషనల్ గ్యాలరీ వేరు. మొదటిది గ్రీకు, రోమన్ విగ్రహాలది. రెండోది పెయింటింగులది. రెండూ ఒకే వీధికి అటూ ఇటూ ఉండడంతో ఫోన్‌లో మ్యాప్ చూస్తూ కూడా తప్పు గుమ్మం ఎక్కేస్తారు.

10 గంటలు: నోయెస్ మ్యూజియం

ఇక్కడ రెండు గంటలు పెట్టండి. రోజు మొత్తంలో ఎక్కువ సమయం దీనికే.

తలుపు తీయగానే కింది అంతస్తు చూస్తూ నిలబడకండి. నేరుగా రెండో అంతస్తుకి, ఉత్తర గుమ్మటం కింద ఉన్న 2.10 గదికి వెళ్ళండి. ప్రాచీన ఈజిప్టు రాణి నెఫర్టీటి శిరస్సు అక్కడ ఉంటుంది. పదకొండు దాటితే టూర్ గ్రూపులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పదింటికి వెళ్తే మాత్రం కాసేపు దాదాపు ఒంటరిగా నిలబడే అవకాశం ఉంది. తిరుమలలోలా 'జరగండి జరగండి' అనేవాళ్ళు ఎవరూ లేరు, తీరిగ్గా చుట్టూ తిరిగి చూడండి. ఈ గదిలో ఫొటోలు తీయనివ్వరు, ఫోన్ జేబులోనే ఉంచండి. మిగతా మ్యూజియంలో ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు.

అర మీటరు ఎత్తు శిరస్సు. సున్నపురాయి మీద గచ్చు పూత, దాని మీద రంగు. దాదాపు 3,300 ఏళ్ళనాటిది, రంగులు ఇంకా అలాగే ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి కళ్ళు చూడండి. కుడి కంట్లో స్ఫటికం, దాని వెనక నల్లటి కనుపాప. ఎడమ కన్ను ఖాళీ, ఉత్త తెల్ల రాయి. అది రాలిపోయిందా, అసలు పెట్టనే లేదా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఎదురుగా నిలబడితే ఆ తేడా అంతగా తెలియదు. రెండడుగులు ఎడమకి, తర్వాత కుడికి జరిగి చూస్తే ముఖం రెండు రకాలుగా కనిపిస్తుంది. చెవి అంచు కొంచెం విరిగి ఉంటుంది, మెడ కింద కండరాలు సన్నగా తేలి ఉంటాయి.

జర్మన్ పురావస్తు పరిశోధకుడు లుడ్విగ్ బోర్హార్ట్ బృందం 1912 డిసెంబరులో ఈజిప్టులోని అమర్నాలో, ఒక శిల్పి కార్యశాల శిథిలాల్లో దీన్ని తవ్వితీసింది. ఆ తవ్వకాలకు డబ్బు పెట్టింది జేమ్స్ సైమన్ అనే బెర్లిన్ వ్యాపారి. ఇందాక టికెట్ చూపించి వచ్చిన భవనం ఆయన పేరు మీదే. తనకు దక్కిన ఈ శిరస్సును 1920లో మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇది మాది, తిరిగివ్వండి అని ఈజిప్టు ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. మన అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయని తెలిసిన వాళ్ళకి ఆ గొడవ కొత్తగా అనిపించదు.

అక్కడి నుంచి ఇంకో అంతస్తు పైకెక్కండి. బెర్లిన్ బంగారు టోపీ మూడో అంతస్తులో ఉంటుంది. 74 సెంటీమీటర్ల పైన ఎత్తు, పల్చటి బంగారు రేకు, మొత్తం బరువు 490 గ్రాములే. మూడు వేల ఏళ్ళ క్రితం ఎవరో పూజారి పెట్టుకున్నదై ఉంటుందని అంచనా. దాని మీద వరసలు వరసలుగా చిన్న చిన్న వలయాలు కొట్టి ఉంటాయి. అది సూర్యచంద్రుల లెక్కలు కట్టే పంచాంగమని కొందరు పరిశోధకుల వాదన. నెఫర్టీటి గదిలో ఉన్న జనంలో పదోవంతు కూడా ఇక్కడ ఉండరు.

ఇక కిందికి దిగుతూ చూడండి. ఈజిప్టు విభాగం మూడు అంతస్తుల్లో పరుచుకుని ఉంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియంలోని మమ్మీని చూసిన వాళ్ళకి శవపేటికల గదులు త్వరగా అర్థమవుతాయి. ట్రాయ్ గదిలో 'ప్రియం నిధి' అని కనిపించే బంగారంలో ఎక్కువ భాగం నకలు. అసలుది రెండో ప్రపంచయుద్ధం చివర్లో సోవియట్ సైన్యం మాస్కోకి పట్టుకుపోయింది, ఇప్పటికీ అక్కడే.

వస్తువులతో పాటు గోడలు కూడా చూడండి. యుద్ధంలో బాంబులు పడి ఈ భవనం సగం కూలింది, దశాబ్దాల పాటు శిథిలంగానే మిగిలింది. వాస్తుశిల్పి డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ దీన్ని బాగుచేసి 2009లో తెరిచినప్పుడు గాయాలను కప్పిపెట్టలేదు. కాలిన ఇటుకలు, సగం చెరిగిన గోడ చిత్రాలు, వాటి మధ్య కొత్తగా పోసిన లేతరంగు కాంక్రీటు మెట్లు. ఆ మెట్ల మీద ఒక నిమిషం ఆగితే బెర్లిన్ చరిత్ర సగం అర్థమవుతుంది.

మధ్యాహ్నం: తిండి

పన్నెండు, పన్నెండున్నర మధ్య బయటికి వచ్చేయండి. బయటికి వస్తే మళ్ళీ అదే మ్యూజియంలోకి వదులుతారనే భరోసా పెట్టుకోకండి, చూడాల్సింది చూసే రండి. ఆల్టెస్ మ్యూజియం ముందున్న లుస్ట్‌గార్టెన్ పచ్చికలో ఎండ ఉన్న రోజున జనం హాయిగా కూర్చుని తింటారు. పులిహోర డబ్బా విప్పాల్సింది అక్కడే. పక్కనే బెర్లిన్ కేథడ్రల్, ముందు ఫౌంటెన్. డబ్బా తెచ్చుకోకపోతే నది దాటి హాకెషర్ మార్క్ట్ వైపు పది నిమిషాల్లోపు నడక, ఫలాఫెల్, డోనర్, పిజ్జా ఏదైనా దొరుకుతుంది. శాకాహారులకు ఇబ్బంది లేదు. నీళ్ళ సీసా టాయిలెట్ కుళాయి దగ్గర నింపుకోవచ్చు, బెర్లిన్ కుళాయి నీళ్ళు తాగేవే. హోటల్లో నీళ్ళు ఊరికే ఇస్తారని మాత్రం అనుకోకండి.

పచ్చిక అంచున పెద్ద రాతి గిన్నె కనిపిస్తుంది. దాదాపు 7 మీటర్ల వెడల్పు, ఒకే గ్రానైట్ బండలోంచి తొలిచింది. మ్యూజియం లోపల పెడదామనుకున్నారు, అనుకున్న కన్నా పెద్దదైపోయి బయట ఉండిపోయింది.

1 గంట: ఆల్టెస్ మ్యూజియం

గంట చాలు. ముందు నుంచి 18 స్తంభాలు, లోపలికి రాగానే రోమ్‌లోని పాంథియన్ నమూనాలో గుండ్రటి పెద్ద హాలు, చుట్టూ దేవతల విగ్రహాలు. కింది అంతస్తులో గ్రీకు గదులు. ఓపిక తక్కువుంటే 'ప్రార్థిస్తున్న బాలుడు' అనే కంచు విగ్రహం చూసి పైకి వెళ్ళిపోండి.

పైన రోమన్ గదుల్లో ఒక చిన్న గుండ్రటి చెక్క పలక వెతకండి. సుమారు 30 సెంటీమీటర్లు. ఈ దీవి మొత్తం మీద నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్, రాణి జూలియా డొమ్నా, ముందు ఇద్దరు పిల్లలు. రాణి చెవులకీ మెడలోనూ ముత్యాలు. ఇద్దరు కొడుకుల్లో ఒకడి ముఖం ఉండాల్సిన చోట గీకేసిన బూడిదరంగు మచ్చ. వాడు గెటా. తండ్రి పోయాక 211లో అన్న కరకల్లా వాణ్ణి చంపించి, రాజ్యంలో ఎక్కడా వాడి బొమ్మ, పేరు కనిపించకూడదని ఆజ్ఞాపించాడు. ఈ పలక ఈజిప్టుది, అక్కడ ఎవరో ఆ ఆజ్ఞను బుద్ధిగా పాటించారు. భుజాలు, బట్టలు అలాగే వదిలేసి ముఖం ఒక్కటే చెరిపారు.

సీజర్, అగస్టస్ తలలు చూస్తున్నప్పుడు ఇంకో మాట గుర్తుకు తెచ్చుకోవచ్చు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల మీద ఉన్నవి అగస్టస్, టైబీరియస్ ముఖాలే. ఆ కాలంలో మన నేలకీ రోమ్‌కీ వ్యాపారం నడిచింది.

2:30: బోడె మ్యూజియం, దారిలో పనోరమా

మ్యాప్‌లో బోడె దగ్గరగా కనిపిస్తుంది. కానీ దానికీ మిగతా మ్యూజియంలకీ మధ్య రైలు మార్గం అడ్డం. అందుకని దీవి లోపలి నుంచి కాకుండా పడమటి పాయ వెంట కుప్ఫర్‌గ్రాబెన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి, దీవి కొసన వంతెన ఎక్కాలి. పది, పన్నెండు నిమిషాల నడక.

ఆ దారిలోనే పెర్గమాన్ మ్యూజియానికి ఎదురుగా పనోరమా ఉంది. క్రీ.శ. 129 నాటి పెర్గమాన్ నగరాన్ని యాదెగార్ అసీసీ అనే కళాకారుడు దాదాపు 30 మీటర్ల ఎత్తున గుండ్రంగా కట్టిన చిత్రం. నడుమ గోపురంలా ఉన్న మెట్ల మీద నిలబడి చూడాలి. తెల్లవారడం, పొద్దుగుంకడం దీపాలతో చూపిస్తారు. పిల్లలుంటే తప్పకుండా వెళ్ళండి, వాళ్ళకి రోజంతటిలో నచ్చేది ఇదే కావచ్చు. పెద్దవాళ్ళే అయితే, అసలు వస్తువుల ముందు నిలబడ్డాక ఇది కాస్త సినిమా సెట్టింగ్‌లా అనిపిస్తుంది. ముప్పావుగంట మిగిలితేనే పెట్టుకోండి. దీనికి కూడా స్లాట్ అడగొచ్చు.

బోడెలో జనం తక్కువ, గదులు పెద్దవి. నిదానంగా నడవడానికి బాగుంటుంది. జర్మన్ శిల్పి రీమెన్‌ష్నైడర్ చెక్కిన కొయ్య విగ్రహాలు, ఇటలీ శిల్పి దొనతెల్లో పాలరాతి మరియమ్మ, ఇటలీలోని రవెన్నా నుంచి తెచ్చిన ఆరో శతాబ్దపు మొజాయిక్, ఈ మూడూ చూస్తే చాలు. నాణేల మీద ఆసక్తి ఉంటే పై అంతస్తు. అక్కడి నుంచే 2017 మార్చిలో వంద కిలోల కెనడా బంగారు నాణెం దొంగతనమైంది. దొంగలు పక్కనున్న రైలు పట్టాల మీదుగా వచ్చి, నిచ్చెనతో కిటికీలోంచి దూరి, నాణేన్ని తోపుడుబండి మీద వేసుకుని పోయారు. కొందరికి శిక్ష పడింది గానీ నాణెం మాత్రం దొరకలేదు. కరిగించేసి ఉంటారని అందరి అనుమానం.

అమ్మానాన్నలకి అప్పటికే కాళ్ళు నొప్పులంటే బోడె మొత్తం వదిలేయండి. ఏమీ పోదు. లుస్ట్‌గార్టెన్‌లో ఒక గంట కూర్చుని నేరుగా తర్వాతి దానికి వెళ్ళొచ్చు. నాలుగు మ్యూజియంల కన్నా రెండు మ్యూజియంలు, మధ్యలో ఒక కాఫీ వాళ్ళకి ఎక్కువ గుర్తుంటాయి.

4 గంటలు: ఆల్టె నేషనల్ గ్యాలరీ

దీన్ని చివర పెట్టడానికి కారణం వేళలు ఒక్కటే కాదు. రోజంతా రాతి విగ్రహాలు చూసిన కళ్ళకి రంగుల బొమ్మలు హాయి. చాలా గదుల్లో కూర్చోడానికి చోటుంటుంది కూడా.

లోపలికి వచ్చాక నేరుగా మూడో అంతస్తుకి, పైనుంచి కిందికి చూసుకుంటూ రండి. మోకాళ్ళ నొప్పులుంటే లిఫ్ట్ ఎక్కడని అడగండి, మొహమాటం వద్దు. పైన జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ గది. 1808-10 మధ్య వేసిన 'సముద్రం ఒడ్డున సన్యాసి' చిత్రంలో మూడొంతుల పైన ఆకాశమే. కింద చీమంత మనిషి. ఒక పడవ లేదు, చెట్టు లేదు. 'ఇందులో ఏముంది?' అని మీ పక్కన ఎవరో అంటారు. మీరు కాసేపు బల్ల మీద కూర్చోండి.

రెండో అంతస్తులో ఫ్రెంచి చిత్రకారుడు మానే వేసిన చిత్రం 'పూలగదిలో' ఉంది. 1896లో దీన్ని చూడీ అనే ఇక్కడి డైరెక్టర్ తెచ్చాడు. ఫ్రెంచివాళ్ళ కొత్తరకం బొమ్మలు మనకెందుకని కైజర్‌కి, అంటే జర్మన్ చక్రవర్తికి, ఒళ్ళుమండింది. చివరికి చూడీ 1909లో ఉద్యోగం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. బొమ్మలు మాత్రం ఉన్నాయి.

మొదటి అంతస్తులో మెన్‌త్సెల్ 'ఇనుప కర్మాగారం' (1872-75) దగ్గర మీ చివరి ఇరవై నిమిషాలు పెట్టండి. దూరం నుంచి నిప్పు, పొగ, ఎర్రగా కాలిన ఇనుము తప్ప ఏమీ కనిపించదు. దగ్గరికి వెళ్ళి కుడివైపు కింది మూల చూడండి. ఇనుప రేకు చాటున కూర్చుని కూలీలు అన్నం తింటున్నారు, బుట్ట తెచ్చిన అమ్మాయి తలెత్తి సూటిగా మీ వైపే చూస్తోంది. ఎడమవైపు షిఫ్ట్ అయిపోయినవాళ్ళు ఒళ్ళు కడుక్కుంటున్నారు. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో పనిచేసిన ఇంటి నుంచి వచ్చినవాళ్ళకి ఇది వేరేగా కనిపిస్తుంది.

ఇంకా మిగిలిపోతే

దీవికి దక్షిణంగా, రోడ్డు అవతల కొత్తగా కట్టిన రాజభవనంలో హంబోల్ట్ ఫోరం ఉంది. ఆసియా కళల మ్యూజియం అందులోనే. దీవి టికెట్‌తో దానికి సంబంధం లేదు, ఆ రోజుకి అది వద్దు. బయట ఎర్రటి ఇసుకరాతితో చెక్కిన సాంచీ తోరణం నకలు మాత్రం దారిలో చూసిపోవచ్చు.

శని, ఆదివారాల్లో వెళ్ళినవాళ్ళకి బోడె ఎదురుగా పాత పుస్తకాలు, పాత వస్తువులు అమ్మే సంత కనిపిస్తుంది. బేరమాడొచ్చు. కాకపోతే మ్యూజియంలన్నీ అయ్యాకే వెళ్ళండి, ముందే కొంటే మళ్ళీ లాకర్ల గొడవ.

ఒకరోజు సరిపోదని ముందే అనిపిస్తే మూడు రోజుల పాస్ తీసుకోండి. ఆ మూడు రోజులూ వరసగా ఉండాలి కాబట్టి శనివారం మొదలుపెట్టకండి, మూడో రోజు సోమవారం వచ్చి సగం మ్యూజియంలకు తాళం ఉంటుంది. గురువారం గానీ శుక్రవారం గానీ మొదలుపెడితే మూడు రోజులూ పూర్తిగా వాడుకోవచ్చు.